టీకా మందు ఎప్పుడైనా గడ్డకట్టిందేమో షేక్ టెస్ట్‌తో తేల్చుకోండి

మన గడ్చిరోలి జిల్లా సిరొంచ, అంకిస వైపు ఎండలు ముదిరాయంటే టీకాలు వేసే సిస్టర్లకి మందు వేడెక్కి పాడైపోతుందేమోనని ఒకటే టెన్షన్. ఆ భయంతో రాయిలా ఉన్న ఐస్ ప్యాక్‌లని ఫ్రీజర్‌లోంచి తీసినవి తీసినట్టే క్యారియర్‌లో (టీకాలు మోసుకెళ్లే చల్లటి పెట్టెలో) సర్దేస్తుంటారు. కానీ పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి ఒకటే టీకా), టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా), హెపటైటిస్-బి టీకాలు గడ్డకట్టాయా, ఇక పనికిరావు.

వీటిలో అల్యూమినియం లవణం సన్నటి రేణువులుగా ఉంటుంది, అసలు మందు వాటికి అంటుకుని ఉంటుంది. రేణువులకి అంటుకున్న మందుకి ఒళ్లు గట్టిగా స్పందిస్తుందని బ్రిటన్ శాస్త్రవేత్త గ్లెన్నీ బృందం 1926లో చూపించింది. సీసా గడ్డకడితే మంచు పలుకులు ఆ రేణువుల్ని నొక్కి ముద్దలు చేసేస్తాయి. విరిగిన పాలు మళ్లీ పాలు కానట్టే, కరిగాక కూడా అవి విడిపోవు.

అనుమానం వస్తే షేక్ టెస్ట్, అంటే సీసాని ఊపి చూసే పరీక్ష, ఇలా చేయండి. అదే కంపెనీ, అదే బ్యాచ్ సీసా ఇంకొకటి తీసుకుని, ముందుగానే దానిమీద ‘వాడొద్దు’ అని రాసి, డీప్ ఫ్రీజర్‌లో కనీసం 10 గంటలు పెట్టి పూర్తిగా గడ్డకట్టించండి. తర్వాత దానంతట అదే కరగనివ్వాలి, వేడి నీళ్లలో పెట్టకూడదు. ఇప్పుడు రెండు సీసాల్నీ ఒకే చేత్తో పట్టుకుని 10, 15 సెకన్లు బాగా ఊపి, వెలుతురులో బల్లమీద పక్కపక్కన పెట్టి అరగంట దాకా గమనించండి. గడ్డకట్టించిన దాంట్లో మడ్డి గబగబా అడుగుకి దిగి పైన నీళ్లు తేటపడతాయి. అనుమానం ఉన్న సీసా దానికన్నా నెమ్మదిగా దిగితే వాడొచ్చు. అంతే వేగంగానో, ఇంకా ముందో దిగిందంటే వాడకండి. ఊపగానే తెల్లగా మబ్బుగా కనిపించడం మాత్రం మంచిదే, కంగారు పడొద్దు.

కంటికే గడ్డకట్టినట్టు కనిపిస్తే పరీక్ష అక్కర్లేదు, పక్కన పెట్టేయడమే. ఐపీవీ (సూదితో వేసే పోలియో టీకా) కూడా గడ్డకడితే పాడవుతుంది కానీ, అందులో ఈ రేణువులుండవు కాబట్టి ఈ పరీక్ష దానికి పనిచేయదు.

ఐస్ ప్యాక్‌లని మాత్రం కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చాకే సర్దండి. ఒక సీసా పోయిందని తేలితే అదే క్యారియర్‌లో వచ్చిన మిగతావాటినీ ఆపి, కోల్డ్ చైన్ (టీకాల్ని చల్లగా ఉంచే ఏర్పాట్లు) చూసేవాళ్లకి వెంటనే చెప్పండి.