గల్ఫ్ ఉద్యోగానికి వలస అనుమతి: ఏ కాగితం ముందు, ఏది తర్వాత

గల్ఫ్‌లో పని కుదిరిందని కబురు రాగానే చాలా ఇళ్లలో మొదట మొదలయ్యేది అప్పు కోసం వెతుకులాట. అంతకంటే ముందు పాస్‌పోర్టు తీసి చూడండి. అందులో 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' (వలస తనిఖీ అవసరం) అని ఉంటే అది ఈసీఆర్ పాస్‌పోర్టు. 2007 జనవరి తర్వాత ఇచ్చిన పాస్‌పోర్టుల్లో ఆ మాట లేకపోతే ఈసీఎన్ఆర్ (ఆ తనిఖీ అక్కర్లేదు) కింద లెక్క. ఈసీఆర్ ఉన్నవారు సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఇచ్చేది ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి. హైదరాబాద్‌లో ఆ కార్యాలయం ఉంది. దరఖాస్తు మాత్రం విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లోనే.

పదో తరగతి పాసైనా పాస్‌పోర్టులో ఈసీఆర్ ఉండిపోయినవారు మన జిల్లాల్లో బోలెడు మంది. దరఖాస్తుకు మెమో జత చేయకపోవడమే దీనికి చాలాసార్లు కారణం. పాస్‌పోర్టు రీ-ఇష్యూకి దరఖాస్తు చేసి మెమో చూపిస్తే తీసేస్తారు. 36 పేజీల పుస్తకానికి రుసుము 1,500 రూపాయలు. అయితే వీసా వచ్చాక ఈ పని పెట్టుకోవద్దు. వీసా మీద పాత పాస్‌పోర్టు నంబరు ఉంటుంది, కొత్త పుస్తకానికి నంబరు మారిపోతుంది. ఇంకో సంగతి: ఈసీఆర్ తీసేస్తే తనిఖీ తప్పుతుంది, ఆ తనిఖీతో దొరికే రక్షణ కూడా తప్పుతుంది. నర్సుల లెక్క వేరు. ఈసీఎన్ఆర్ ఉన్నా సరే, ఈ 18 దేశాలకు వెళ్లే నర్సులకు 2015 నుంచి వలస అనుమతి తప్పనిసరి.

ఏజెంటుకు డబ్బు ఇచ్చే ముందు

లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్‌లో అందరికీ కనిపిస్తుంది. కార్యాలయం గోడకు తగిలించిన ఫ్రేమును నమ్మకుండా లైసెన్సు నంబరు అడిగి, అక్కడ వెతికి, గడువు ఉందో లేదో మీరే చూసుకోండి. ఊళ్లో బైకు మీద తిరిగి పాస్‌పోర్టులు పోగుచేసే సబ్ ఏజెంటుకు ఆ లైసెన్సు ఉండదు. ఆయన మీ మేనమామకు స్నేహితుడే కావచ్చు, అయినా ఉండదు.

ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిపి 35,400. అంతకు మించి అడిగితే దేనికని నిలదీయండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి, వీలైతే బ్యాంకు ద్వారానే చెల్లించండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతాయి. ముందు అక్కడ ఒకసారి కనుక్కోవడంలో నష్టమేమీ లేదు.

ఒప్పంద పత్రం

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే. ఏజెంటు నోటితో చెప్పే జీతం ఒకటి, కాగితం మీద ఉండేది ఒకటి. 'పన్నెండు వందల దిర్హాంలు' అని చెబుతారు. పత్రం తెరిస్తే మూల వేతనం 800, భోజనానికి 400 అని విడివిడిగా ఉండవచ్చు. మొత్తం ఒకటే కదా అని వదిలేయకండి. యూఏఈలో ఉద్యోగం మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని మూల వేతనం మీదే లెక్కిస్తారు: మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల మూల వేతనం. 1,200 మీద లెక్క వేసుకుని అప్పు చేసినవారికి 800 మీద వచ్చేది చాలదు.

తర్వాత పని పేరు చూడండి. డ్రైవరని మాట్లాడుకుని వీసాలో లేబర్ అని ఉంటే, అక్కడికి వెళ్లాక చేతికి వచ్చేది లేబర్ పనే. పని గంటలు, ఓవర్‌టైమ్, వసతి, తిరుగు టికెట్టు ఎవరు పెట్టుకుంటారన్నది కూడా రాసి ఉండాలి. ఇంగ్లీషు రాకపోతే చదువుకున్న పిల్లలెవరితోనైనా వరుసగా చదివించుకోండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం మూడింటిలోనూ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. మన ఇంటిపేర్లతోనే ఎక్కువ చిక్కు. ఒకచోట ఒక్క అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు ఉంటే సంతకం పెట్టకముందే చెప్పి సరిచేయించుకోండి.

మిగతా కాగితాలు

ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఈసీఆర్ వారికి తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా పది లక్షలు వస్తాయి. నామినీ పేరు ఇంట్లోవారికి తెలిసేలా రాయించండి. ప్రయాణానికి ముందు ఇచ్చే ఒక రోజు శిక్షణకు కూడా వెళ్లిరండి. ఊళ్లలో గామ్కా మెడికల్ అనే వైద్య పరీక్షకు ఇప్పుడు వాఫిద్ వెబ్‌సైట్‌లో పరీక్షా కేంద్రాన్ని కేటాయిస్తారు. ఆ రిపోర్టుకు గడువు తక్కువ, కాబట్టి మరీ ముందుగా చేయించుకోవద్దు.

కువైట్‌కైతే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో 500 రూపాయలు కట్టి అపాయింట్‌మెంటు తీసుకోవాలి. సర్టిఫికెట్లకు ధ్రువీకరణ కావాల్సిన ఉద్యోగమైతే దేశాన్ని బట్టి దారి మారుతుంది. సర్టిఫికెట్లను ఒకే ముద్రతో అంగీకరించే అపోస్టిల్ ఒప్పందం సౌదీలో 2022 చివర అమల్లోకి వచ్చింది. ఒమన్, బహ్రెయిన్ అంతకు ముందే చేరాయి. వీటికి విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. యూఏఈ, కువైట్, ఖతార్‌లకు విదేశాంగ శాఖ ధ్రువీకరణ అయ్యాక ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా పడాలి.

ఇవన్నీ సిద్ధమయ్యాక, ఏజెంటు ద్వారా వెళ్తుంటే దరఖాస్తు ఆయనే పెడతారు. సొంతంగా కుదుర్చుకున్నవారు తామే పోర్టల్‌లో వివరాలు నింపి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా ప్రతులు జతచేయాలి. అనుమతి వచ్చాక దాని ప్రింటు దగ్గర ఉంచుకోండి. విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారులు సరిచూస్తారు.

'ఇదంతా ఎందుకు, విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తా' అనే ఏజెంటు దగ్గర మాత్రం లేచి వచ్చేయండి. అలా వెళ్తే మీ యజమాని ఎవరో, జీతం ఎంతో మన ప్రభుత్వ రికార్డుల్లో ఎక్కడా ఉండదు. ఈసీఆర్ వారికి వలస అనుమతి లేకుండా పనికి వెళ్లడం చట్టవిరుద్ధం కూడా.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా, రసీదులు అన్నిటికీ రెండు సెట్లు జిరాక్సు తీయించి ఒకటి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం ఉచిత ఫోను నంబరు 1800 11 3090 కూడా ఆ కాగితాల మీదే రాసిపెట్టండి.