ఇంట్లోవాళ్ళకి మన సొంత చాట్ సర్వర్ పెట్టుకోవడం ఎలా

ముందే చెప్తున్నా, ఇది వాట్సాప్‌ని తిట్టే పోస్ట్ కాదు. అందులో మెసేజ్‌లు కూడా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తోనే, అంటే పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేని విధంగానే వెళ్తాయి. నాకు కావాల్సింది వేరే, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడుతున్నారు అనే లెక్క వేరే కంపెనీ దగ్గర కాకుండా మన దగ్గరే ఉండాలి, ఎవరో రూల్స్ మార్చినప్పుడల్లా మనం ఉలిక్కిపడకూడదు, అంతే. మా ఇంట్లో పన్నెండు మంది, ఫ్రెండ్స్ ఒక ఎనిమిది మంది, ఈ ఇరవై మందికి చిన్న సర్వర్ (మెసేజ్‌లు అటూ ఇటూ చేరవేసే కంప్యూటర్) చాలు.

ఇలా సొంతంగా పెట్టుకునే చాట్ పద్ధతుల్లో మ్యాట్రిక్స్ కూడా చూశాను, బాగుంటుంది కానీ దాని సినాప్స్ సర్వర్ మనలాంటి చిన్న గుంపుకి కొంచెం బరువు. నేను వాడేది స్నికెట్, సొంత చాట్ సర్వర్‌ని తేలిగ్గా పెట్టుకోనిచ్చే సాఫ్ట్‌వేర్, దాని యాప్ కూడా ఉంది. లోపల ఉండేది ప్రొసొడీ అనే ఎక్స్ఎంపీపీ సర్వర్. ఎక్స్ఎంపీపీ అంటే చాట్ మెసేజ్‌లు పంపుకునే ఒక పద్ధతి, కొత్తదేం కాదు, 1999లో జాబర్ పేరుతో మొదలైంది, 2005లో వచ్చిన గూగుల్ వాళ్ళ జీటాక్ దీని మీదే నడిచింది, వాట్సాప్ కూడా మొదట్లో ఈజాబర్‌డీ అనే ఎక్స్ఎంపీపీ సర్వర్‌ని మార్చుకునే మొదలెట్టింది. అంటే పాత చింతకాయ పచ్చడే, కానీ పాడవ్వలేదు.

సర్వర్ ఎక్కడ పెట్టాలి అంటే, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉందిగా అనుకుని నేనూ మొదలెట్టా, రెండు రోజులు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని ఇంట్లోని కంప్యూటర్‌కి మళ్ళించడం) చేస్తూ కూర్చున్నాక తెలిసింది మా బ్రాడ్‌బ్యాండ్ సీజీనాట్ వెనకాల ఉందని, అంటే కంపెనీ ఒకే ఐపీ అడ్రస్‌ని చాలా ఇళ్ళకి కలిపి ఇస్తుందని. ఈ టైమ్ మీరు వేస్ట్ చేసుకోకండి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) చూడండి, అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే సీజీనాటే, బయటి నుంచి మీ ఇంటికి దారి లేదు. స్టాటిక్ ఐపీకి (మారని సొంత అడ్రస్‌కి) వేరేగా డబ్బులు కట్టడం, కరెంట్ పోతే సర్వర్ పడుకోవడం, ఇవన్నీ ఎందుకు, నెలకి కొన్ని వందలు పెట్టి ముంబై డేటాసెంటర్‌లో 1 జీబీ ర్యామ్ వీపీఎస్ (అద్దెకిచ్చే చిన్న సర్వర్) తీసుకోండి, ఇరవై మందికి బాగా సరిపోతుంది. డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుని, దాని మీద డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని రెడీమేడ్ ప్యాకేజీగా నడిపే టూల్).

డొమైన్ (ఇంటర్నెట్‌లో మీ సొంత పేరు) ఒకటి కొనాలి. కొన్నప్పుడు రేటు చూసి మురిసిపోకండి, రెన్యూవల్ రేటు చూడండి. చాట్ కోసం దాంట్లో ఒక సబ్‌డొమైన్ పెట్టి డొమైన్ సెట్టింగ్స్‌లో దానికి A రికార్డ్ (పేరుని ఐపీకి కలిపేది) పెట్టి వీపీఎస్ ఐపీ ఇవ్వండి, ఆ సబ్‌డొమైన్ ముందు గ్రూప్స్ అని ఒకటి, షేర్ అని ఒకటి (ఇంగ్లీష్ అక్షరాల్లోనే) పెట్టి రెండు సీనేమ్‌లు (ఒక పేరుని ఇంకో పేరుకి మళ్ళించే రికార్డులు) దానికే చూపించండి. ఈ రెండూ మర్చిపోతే గ్రూపులు, ఫోటోలు పనిచెయ్యవు.

తర్వాత స్నికెట్ వాళ్ళ క్విక్‌స్టార్ట్ పేజీలో ఉన్న కంపోజ్ ఫైల్ (ఏమేం నడపాలో డాకర్‌కి చెప్పే ఫైల్) దించుకుని, కాన్ఫిగ్ ఫైల్లో రెండే లైన్లు రాయాలి, మీ డొమైన్, మీ ఈమెయిల్. దాన్ని డాకర్‌తో స్టార్ట్ చేస్తే, కనెక్షన్‌ని భద్రంగా ఉంచే సర్టిఫికెట్‌ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ఉచిత సర్వీస్ నుంచి అదే తెచ్చుకుంటుంది, అదే రెన్యూ చేసుకుంటుంది, దానికోసం 80 పోర్ట్ (సర్వర్‌లోకి వచ్చే నంబరున్న తలుపు లాంటిది) ఎప్పుడూ తెరిచే ఉంచాలి.

అసలు అందరూ ఇరుక్కునేది ఫైర్‌వాల్ (ఏ పోర్ట్‌లు తెరవాలో చూసే కాపలా) దగ్గర. 80, 443, 5222, 5269, 5000 టీసీపీ (డేటా పంపే ఒక పద్ధతి) పోర్ట్‌లు తెరవాలి. ఇక్కడితో అయిపోయింది అనుకున్నా నేను, మెసేజ్‌లు వెళ్తున్నాయి, ఫోటోలు వెళ్తున్నాయి, అమ్మకి కాల్ చేస్తే రింగ్ అవుతుంది, ఎత్తుతుంది, ఇద్దరం హలో హలో అనుకోవడమే, ఒకరి మాట ఒకరికి వినపడదు. రెండు ఫోన్లకి నేరుగా దారి కుదరనప్పుడు కాల్ ఆడియో వెళ్ళేది టర్న్ సర్వర్ (మధ్యలో ఆడియో అందించేది) ద్వారా, దానికి 3478, 3479, 5349, 5350 టీసీపీ, యూడీపీ (డేటా పంపే ఇంకో పద్ధతి) రెండూ, ఇంకా 49152 నుంచి 65535 దాకా యూడీపీ తెరవాలి. వీపీఎస్ కంపెనీ ప్యానెల్‌లో వేరే ఫైర్‌వాల్ ఉంటుంది చాలాసార్లు, అక్కడా తెరవాలి.

మొదటి ఇన్వైట్, అంటే అడ్మిన్ అకౌంట్‌ది, టెర్మినల్‌లో కమాండ్ కొట్టి తియ్యాలి. ఆ తర్వాత అంతా బ్రౌజర్‌లోనే. సర్కిల్స్ అని ఉంటాయి, ఒక సర్కిల్‌లో ఉన్నవాళ్ళు ఒకరికొకరు కాంటాక్ట్స్‌లో వాటంతటవే వచ్చేస్తారు, కాబట్టి ఇంటివాళ్ళకి ఒకటి, ఫ్రెండ్స్‌కి ఒకటి విడిగా చెయ్యండి, లేకపోతే మీ కాలేజీ బ్యాచ్ జోకులు పెదనాన్న చూస్తారు. పిల్లలకి లిమిటెడ్ అకౌంట్ ఇస్తే బయటి సర్వర్లవాళ్ళతో మాట్లాడలేరు.

పెద్దవాళ్ళకి లింక్ పంపి ఊరుకోవద్దు. పండక్కి ఊరెళ్ళినప్పుడు మీరే ఫోన్ తీసుకుని స్నికెట్ యాప్ వేసి, ఇన్వైట్ క్యూఆర్ స్కాన్ చేసి, బ్యాటరీ సెట్టింగ్‌లో ఆ యాప్‌ని అన్‌రిస్ట్రిక్టెడ్ చెయ్యండి, ఎందుకంటే కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు వెనకాల నడిచే యాప్‌ని చంపేస్తాయి, అప్పుడు "నీ యాప్‌లో మెసేజులే రావట్లేదురా" అని మాట మీకే. దుబాయ్‌లో మా బావ ఉన్నాడు, అక్కడ లైసెన్స్ ఉన్న యాప్‌లకే ఇంటర్నెట్ కాల్స్, అందుకే ఆయనతో రాతలూ ఫోటోలూ మాత్రమే.

అక్క మొదటిరోజే అడిగింది, "అయితే మా మాటలన్నీ నువ్వు చదువుతావా?" అని. లేదు, ఓమెమో (ఎక్స్ఎంపీపీలో వాడే ఎండ్ టు ఎండ్) ఎన్‌క్రిప్షన్ వల్ల సర్వర్‌లో ఉన్నది నాకూ గజిబిజే. కానీ ఎవరికి ఎవరు ఎప్పుడు పంపారో అడ్మిన్ అన్నవాడు చూడగలడు, ఇది దాచకుండా చెప్పెయ్యండి. ఇంకోటి కూడా చెప్పండి, మెసేజ్‌లు విప్పే తాళంచెవులు ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి ఫోన్ పోతే పాత మెసేజ్‌లు పోయినట్టే. సర్వర్‌లో ఫైళ్ళు, హిస్టరీ మామూలుగా 7 రోజులే ఉంటాయి, కాన్ఫిగ్‌లో పెంచుకోవచ్చు, నేను 30 పెట్టా. మనవరాలి ఫోటో దాచుకోవడానికి ఇది ఆల్బమ్ కాదు అని అమ్మకి మూడుసార్లు చెప్పాల్సొచ్చింది.

నెలకోసారి స్నికెట్ కొత్త ఇమేజ్ (డాకర్‌లో నడిచే కొత్త వెర్షన్) లాగి రీస్టార్ట్ చెయ్యడం, వారానికోసారి డేటా వాల్యూమ్ (సర్వర్ డేటా ఉండే చోటు) బ్యాకప్ వేరేచోటికి తియ్యడం, ఇంతే చాకిరీ. ఆ బ్యాకప్‌ని ఒక్కసారైనా వేరే మెషిన్‌లో పెట్టి లేస్తుందో లేదో చూడండి. వాట్సాప్ తీసెయ్యమని మాత్రం ఎవర్నీ అడక్కండి, అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూల్ గ్రూపు అక్కడే ఉంటాయి, పక్కన ఇదీ ఉంటుంది. డొమైన్ లాగిన్, వీపీఎస్ లాగిన్ కాగితం మీద రాసి కవర్‌లో పెట్టి బీరువాలో పెట్టండి, ఆ కవర్ ఎందుకో మీ తమ్ముడికో మరదలికో ఎవరో ఒకరికి తెలిసుండాలి, మా ఇంట్లో అది పట్టుచీరల కింద ఉంది.