హాస్టల్లో రక్తహీనత పరీక్షలకు చిన్న గ్రాంటు అడిగే పద్ధతి

"విద్యార్థుల్లో ఆరోగ్య స్పృహ పెంచుతాం" అని రాస్తే గ్రాంటు ఇచ్చే కమిటీ దరఖాస్తు పక్కన పెట్టేస్తుంది. ఏ హాస్టల్, ఎంతమంది, ఏం కొలుస్తారు అన్నది మొదటి పేరాలోనే తేలిపోవాలి. అవసరం చూపడానికి ఒక్క వాక్యం చాలు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది.

ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది బడ్జెట్ దగ్గరే. 100 మందికి పరీక్ష అంటే 110 స్ట్రిప్పులు (రక్తపు చుక్క వేసి హిమోగ్లోబిన్ కొలిచేవి), 110 లాన్సెట్లు (వేలు గుచ్చే చిన్న సూదులు) వేసుకోండి, కొన్ని పాడవక తప్పదు. ఒక్కోదాని ధర, సంఖ్య విడివిడిగా చూపి కొటేషన్ జతచేయండి. చాలాచోట్ల డబ్బు బిల్లులు పెట్టాకే వస్తుంది కాబట్టి ముందు జేబులోంచి ఎవరు పెడతారో తేల్చుకోండి. టీ, బిస్కెట్లకు అనుమతి ఉందో లేదో కూడా అడిగేయండి. చిన్న ఖర్చే, గొడవ మాత్రం అక్కడే వస్తుంది.

పరీక్ష హెల్త్ సెంటర్ నర్సు చేతే చేయించాలి. స్పిరిట్ ఆరాకే గుచ్చాలి, మొదటి చుక్క తుడిచేయాలి. వేలు గట్టిగా పిండితే కణజాల ద్రవం కలిసి హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. డెసిలీటరుకు 12 గ్రాముల లోపు వచ్చిన అమ్మాయిలను డాక్టరు దగ్గరికి పంపండి, మాత్రలు మీరు పంచొద్దు. వాడిన లాన్సెట్లు సూది దిగని తెల్ల డబ్బాలోకే వెళ్లాలి. ఫలితాల షీట్లో పేర్లు వద్దు, నంబర్లే ఉండాలి.