కొత్తగా హెచ్‌ఎం అయినవారికి: చార్జి తీసుకున్న రోజు నుంచి పదో తరగతి పరీక్షల దాకా

తెలంగాణలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుడు) అంటే ఇప్పుడు ఒక్క ఉద్యోగం కాదు. జీతాల బిల్లులు పెట్టి డబ్బు డ్రా చేసే అధికారి (డీడీవో), అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి కన్వీనరు, కాంప్లెక్స్ బడి అయితే చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలకూ పెద్దదిక్కు, మార్చిలో పరీక్ష కేంద్రం పడితే దాని బాధ్యత. చాలామందికి ఇన్‌చార్జి ఎంఈవో (మండల విద్యాధికారి) పని కూడా వచ్చి మీద పడుతుంది. వీటికి తోడు యూడైస్ (బడుల, విద్యార్థుల వివరాల పోర్టల్), అపార్ (విద్యార్థి గుర్తింపు నంబరు), ముఖ గుర్తింపు హాజరు, గ్రాంట్ల పోర్టళ్లు. ఇన్ని పనుల్లో ముందుగా దెబ్బతినేది తరగతి గదే. తొమ్మిదో తరగతిలో ఎంతమంది తెలుగు పేరాను తడబడకుండా చదవగలరో హెచ్‌ఎంకు తెలియకుండానే ఏడాది గడిచిపోతుంది.

కాబట్టి మొదటి పని టైంటేబుల్‌లో మీ పేరు వేసుకోవడం. రోజుకు ఒక పీరియడ్ చాలు, కానీ అది పొద్దున మొదటి రెండు పీరియడ్లలోనే ఉండాలి. పదకొండు దాటితే ఫోన్లు, రిపోర్టులు మొదలవుతాయి, ఆ తర్వాత వేసుకున్న పీరియడ్ వారంలో సగం రోజులు జరగదు. మిగతా పనులన్నీ ఆ పీరియడ్ చుట్టూ సర్దుకోవాలి. ఎలా సర్దుకోవాలో కింద వివరంగా ఉంది.

చార్జి తీసుకునే రోజు

చార్జి లిస్టు మీద సంతకం పెట్టే ముందు నాలుగింటిని కంటితో చూసి, చేత్తో లెక్కపెట్టండి: క్యాష్ బుక్, బ్యాంకు పాస్‌బుక్కులు, అడ్మిషన్ రిజిస్టర్లు, బియ్యం నిల్వ. క్యాష్ బుక్ ముగింపు నిల్వ పాస్‌బుక్‌తో కలవాలి. కలవకపోతే తేడా ఎంతో, ఎందుకో చార్జి లిస్టులోనే రాయించుకోండి. వాడని టీసీ పుస్తకాల్లో వరుస నంబర్లు ఒక్కోటీ తిప్పి చూడండి. బియ్యాన్ని బస్తాల లెక్కన ఒప్పుకోవద్దు, కాటా పెట్టించండి. 50 కిలోల బస్తా అని రాసి ఉన్నా, కుట్టు ఊడిన బస్తాలో ఎంత తక్కువ ఉందో కాటా మీదే తెలుస్తుంది. ఆ తేడా ఆ రోజు రాయకపోతే రేపటి నుంచి మీ ఖాతాలోకి వస్తుంది.

పేరు, పుట్టిన తేదీ: అసలు చిక్కు ఇక్కడే

యూడైస్ ప్లస్‌లో 2022-23 నుంచి వివరాలు విద్యార్థి వారీగా ఎక్కించాలి. అప్పటి నుంచి హెచ్‌ఎంల సమయాన్ని ఎక్కువగా తినేది పేర్లు కలవకపోవడమే. 12 అంకెల అపార్ నంబరు రావాలంటే పేరు, పుట్టిన తేదీ, లింగం మూడూ ఆధార్‌తో సరిపోవాలి. మానుకోట (మహబూబాబాద్) తండాల్లో ఒక అమ్మాయి అడ్మిషన్ రిజిస్టర్‌లో ‘బానోతు అఖిల’, ఆధార్‌లో ‘బి. అఖిల’, తండ్రి రేషన్ కార్డులో ఇంటిపేరు ‘బానోత్’. ముగ్గురూ ఒకరేనని ఊరందరికీ తెలుసు, పోర్టల్‌కు తెలియదు.

ఇలా చేయండి. జూన్‌లో, బడిబాట హడావుడి తగ్గగానే, తరగతికి ఒకటి చొప్పున నోట్‌బుక్ పెట్టండి. ఒక్కో పేజీలో ఐదు నిలువు గడులు: రిజిస్టర్‌లో పేరు, ఆధార్‌లో పేరు, రిజిస్టర్‌లో పుట్టిన తేదీ, ఆధార్‌లో పుట్టిన తేదీ, ఏది మార్చాలి. తరగతి ఉపాధ్యాయుడు ఆధార్ కార్డు ముందు పెట్టుకుని నింపాలి. పిల్లలు నోటితో చెప్పింది రాయించవద్దు. పేరు, తేదీ రెండూ కలిసిన వరుసకు పచ్చ టిక్కు. కలవనివి మాత్రమే మీ దగ్గరకు రావాలి.

కలవనివాటిలో ఏది మార్చాలన్నది తొందరపడి తేల్చకూడదు. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకునే వీలుంది. ఉన్న ఆ ఒక్క అవకాశాన్నీ తప్పుడు తేదీకి వాడేస్తే ఆ పిల్లవాడు తర్వాత ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది. అందుకే ముందు పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం తెప్పించండి. దాంతో రిజిస్టర్ కలిసి ఆధార్ తప్పయితే, తల్లిదండ్రులను పత్రాలతో ఆధార్ కేంద్రానికి పంపండి. రిజిస్టరే తప్పయితే మీ అంతట మీరు కొట్టేసి పైన రాయవద్దు. తల్లి లేదా తండ్రి దరఖాస్తు, జనన ధ్రువపత్రం నకలు జతచేసి పై అధికారి ఆమోదం తీసుకుని, ఆ ఉత్తర్వు నంబరు, తేదీ ఎర్ర సిరాతో పక్కన రాసి, సంతకం పెట్టి సవరించండి. వైట్‌నర్ పెట్టిన రిజిస్టర్ ఏ విచారణలోనూ నిలబడదు.

ఐదేళ్లు, 15 ఏళ్లు నిండినప్పుడు ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాప తప్పనిసరిగా కొత్తగా ఇవ్వాలి. 15 ఏళ్లంటే సరిగ్గా తొమ్మిది, పది తరగతుల పిల్లలే. వీళ్ల జాబితా దసరా సెలవులకు ముందే ఇంటికి పంపితే సెలవుల్లో ఆ పని అయిపోతుంది. అపార్‌కు తల్లిదండ్రుల అంగీకార పత్రం మీద సంతకం లేకుండా ముందుకు పోకూడదు. తల్లి ఒక ఊర్లో, తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు జగిత్యాల, నిర్మల్ వైపు చాలా ఉన్నాయి. అక్కడ తల్లి సంతకమే తీసుకోండి, తండ్రి వచ్చేదాకా ఆగవద్దు.

ఈ పని సెప్టెంబర్ 30 లోపు ముగించడం మంచిది. యూడైస్‌కు ఆ తేదీయే ఆధారం. పైగా ఆ తర్వాత పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితాలు) వస్తాయి. నామినల్ రోల్‌లో తప్పు పోతే అది మార్కుల మెమోలోకి ఎక్కుతుంది. మెమోలో అక్షరం మార్చడానికి పడే తిప్పలు పిల్లల పైచదువులను, ఉద్యోగాలను ఆపేస్తాయి. రోల్స్ పంపేముందు ప్రింటు తీసి గోడకు అంటించండి, ప్రతి పిల్లవాడితో తన వరుస చదివించి సంతకం చేయించండి.

ముఖ గుర్తింపు హాజరు

ఉపాధ్యాయులకు ఇది 2025 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. ఫొటో నమోదు చేసేటప్పుడే జాగ్రత్త పడాలి. కిటికీకి వీపు పెట్టి నిలబెడితే ముఖం నల్లగా పడుతుంది, ఆ తర్వాత రోజూ గుర్తుపట్టదు. వెలుగు ముఖం మీద పడేలా వరండాలో నిలబెట్టి నమోదు చేయండి. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు ఊళ్లలో సిగ్నల్ అందకపోతే కాగితం రిజిస్టర్‌లో టైంతో సంతకం చేయించి, యాప్ పనిచేయని సంగతి అదే రోజు ఎంఈవోకు రాతపూర్వకంగా తెలియజేయండి. నెలాఖరున చెబితే ఎవరూ నమ్మరు, అప్పుడు నష్టపోయేది ఉపాధ్యాయుడు.

పత్తి ఏరే రోజుల్లో హాజరు

మన దగ్గర బడి హాజరు క్యాలెండర్‌ను బట్టి కాక పంటను బట్టి నడుస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పత్తి ఏరుడు. ఫిబ్రవరి, మార్చిలో భూపాలపల్లి, ములుగు, మానుకోట వైపు మిర్చి ఏరుడు. కైకిలి మనుషులు దొరకని రోజుల్లో ఇంట్లో పదమూడు పద్నాలుగేళ్ల పిల్ల ఉంటే ఆ పిల్ల చేనుకే పోతుంది. తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు, లెక్క వాళ్ల ముందు పెట్టాలి.

పదో తరగతికి 75 శాతం హాజరు కావాలి. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 165 రోజులు రావాలి, తప్పిపోయేందుకు 55 రోజులే మిగులుతాయి. పత్తికి వారానికి మూడు రోజుల చొప్పున ఎనిమిది వారాలు పోతే 24. మిర్చికి ఇంకో 15. రెండేళ్లకోసారి మాఘ మాసంలో వచ్చే మేడారం జాతర ఏడాదైతే ఇంకో వారం. జ్వరాలు, పెళ్లిళ్లు కలిపితే గీత దాటినట్టే. ఈ లెక్కను అక్టోబర్ మొదటి వారంలోనే తల్లిదండ్రుల సమావేశంలో బోర్డు మీద వేసి చూపించండి.

తర్వాత మూడు పనులు చేయండి. ఒకటి, వరుసగా మూడు రోజులు రాని పిల్లల ఇంటికి నాలుగో రోజు పొద్దున ఏడింటికే ఒక ఉపాధ్యాయుడు పోవాలి. తొమ్మిదింటికి పోతే ఇంట్లో తాళమే కనిపిస్తుంది. రెండు, మహిళా సంఘం అధ్యక్షురాలే అమ్మ ఆదర్శ కమిటీకి అధ్యక్షురాలు. సంఘం మీటింగులో ఆమె నోట గైర్హాజరు పిల్లల పేర్లు చెప్పిస్తే మన ఫోన్ల కంటే బాగా పనిచేస్తుంది. మూడు, పత్తి ఏరే నెలల్లో గణితంలో కొత్త అధ్యాయాలు సోమ, మంగళవారాల్లో పెట్టి, శుక్ర, శనివారాలు అభ్యాసానికి ఉంచండి. వారం చివర్లోనే గైర్హాజరు ఎక్కువ. రిజిస్టర్ తిరగేసి మీ ఊరి లెక్క చూసుకుని రోజులు మార్చుకోండి.

జాతర ఏడాది ప్రీ ఫైనల్ పరీక్షను జాతర వారానికి ఆనించి పెట్టవద్దు. ములుగు చుట్టుపక్కల ఊళ్లు వనదేవతల దర్శనానికి కదిలితే వారం దాకా ఇళ్లకు చేరవు.

ఇంటర్నల్ మార్కులు

పదో తరగతిలో 11 పేపర్లను ఆరుకు తగ్గించి మూడేళ్లు దాటింది. సబ్జెక్టుకు రాత పరీక్ష 80, ఇంటర్నల్స్ 20. 2024 నవంబర్‌లో ఇంటర్నల్స్ తీసేస్తామని ప్రకటించి, తర్వాత కొనసాగించారు. ఈ ఊగిసలాటలో చాలా బళ్లలో ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనం) రికార్డులు వెనకబడ్డాయి. నాలుగు ఎఫ్‌ఏల సగటే ఆ 20 మార్కులు. ఒక్కో ఎఫ్‌ఏలో భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష, ఒక్కోదానికి ఐదు.

పరిశీలన బృందం వచ్చినప్పుడు దొరికిపోయేది ఎప్పుడూ ఒక్కచోటే: తరగతిలో అందరికీ 19, 20 వేసి, లఘు పరీక్ష జవాబు పత్రాలు లేకపోవడం. పత్రాలు సబ్జెక్టు వారీగా దారంతో కట్టి బీరువాలో ఉంచండి. అంతకంటే ముఖ్యమైన సంగతి, అందరికీ 20 వేస్తే నిజంగా వెనకబడిన పిల్లవాడెవరో ఎవరికీ కనిపించడు. డిసెంబర్‌లో ప్రత్యేక తరగతులకు గ్రూపులు చేసేటప్పుడు అప్పుడు ఆధారమే ఉండదు. సైన్స్‌లో భౌతిక, జీవ శాస్త్రాలకు చెరో 40 మార్కుల పేపరు. ఇద్దరు ఉపాధ్యాయులూ కూర్చుని ఒకే జాబితా తయారు చేసుకోవాలి.

మధ్యాహ్న భోజనం

ఆరు నుంచి పది తరగతుల పిల్లవాడికి రోజుకు బియ్యం 150 గ్రాములు, పప్పు 30, కూరగాయలు 75, నూనె 7.5 గ్రాములు. ఆ రోజు 150 మంది ఉంటే బియ్యం 22.5 కిలోలు, పప్పు 4.5, కూరగాయలు 11.25, నూనె కిలో 125 గ్రాములు. ఈ లెక్కను 100, 120, 150, 180 మందికి వేసి వంటగది గోడ మీద పెయింటుతో రాయించండి. వంట చేసే అమ్మలు అడగకుండానే కొలుచుకుంటారు.

పొద్దున హాజరు పలికిన పావుగంటలో తరగతుల వారీ సంఖ్య వంటగదికి చేరాలి. చేరకపోతే నిన్నటి అంచనాతో వండుతారు, పత్తి రోజుల్లో అన్నం మిగులుతుంది, సోమవారం తక్కువ పడుతుంది. స్టాకు రిజిస్టర్ తప్పేది కూడా ఇక్కడే: బియ్యం తీసేది ఒక సంఖ్యకు, రాసేది ఇంకో సంఖ్యకు. రోజూ రాసి సంతకం పెడితే నెలాఖరు తంటా ఉండదు.

వానాకాలంలో బస్తాలు నేల మీద, గోడకు ఆనించి పెడితే చెమ్మ పట్టి పురుగు వస్తుంది. చెక్క పలకల మీద, గోడకు అడుగు దూరంలో ఉంచండి, పాత బస్తా ముందు వాడండి. పప్పులో పులుసు పోసేది పప్పు ఉడికాకే, ముందే పోస్తే పప్పు బిరుసుగా ఉండిపోయి పిల్లలు పారబోస్తారు. వడ్డించడానికి ముందు ఒక ఉపాధ్యాయుడు రుచి చూసి రిజిస్టర్‌లో రాయాలి. గుడ్లు వారానికి మూడు. నీళ్లలో వేస్తే తేలిన గుడ్డును పక్కన పెట్టేయాలి.

వంట ఏజెన్సీ బిల్లు నెల మొదటి వారంలోనే పంపండి. ఆ అమ్మలు కిరాణా కొట్లో అప్పు తెచ్చి వండుతున్నారు. మన దగ్గర కాగితం పది రోజులు ఆగితే వాళ్ల మీద వడ్డీ పడుతుంది. 101 నుంచి 200 మంది పిల్లలకు ముగ్గురు వంటమనుషులు ఉండాలి. తక్కువ ఉంటే రాసి అడగండి.

గ్రాంట్లు

101 నుంచి 250 మంది ఉన్న బడికి సమగ్ర శిక్ష నుంచి ఏడాదికి 50,000 రూపాయలు, అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు. ముందు కమిటీ తీర్మానం, తర్వాత కొనుగోలు, తర్వాత ఓచరు, స్టాకు రిజిస్టర్‌లో పేజీ నంబరు. ఈ వరుస తారుమారైతే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. ప్రభుత్వ బళ్లకు కరెంటు 2024 సెప్టెంబర్ నుంచి ఉచితం. బిల్లు వస్తున్నదంటే సర్వీసు నంబరు బడి పేరున నమోదు కాలేదన్నమాట, కట్టేయకుండా కరెంటు ఆఫీసులో సరిచేయించండి.

టెట్ గురించి స్టాఫ్‌రూంలో

టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) మీద 2025 సెప్టెంబర్ 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఉపాధ్యాయుల్లో ఆందోళన ఉంది. సర్వీసు ఐదేళ్లకు మించి మిగిలినవారు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. ఐదేళ్ల లోపు ఉన్నవారు ఉద్యోగంలో కొనసాగవచ్చు గానీ ప్రమోషన్ కావాలంటే టెట్ ఉండాల్సిందే. 150 మార్కులకు జనరల్ 90, బీసీ 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు 60 తెచ్చుకోవాలి. తెలుగు, హిందీ పండితులు కూడా 60 మార్కుల గణితం, సైన్స్ లేదా సాంఘిక శాస్త్రం రాయాలి. ఇరవై ఏళ్లు భాష చెప్పినవారికి ఇది కష్టమే. మీ సాంఘిక శాస్త్రం సారుతో వారానికి రెండు సాయంత్రాలు వాళ్లకు పాఠాలు చెప్పించండి. కొత్త ఉత్తర్వులు వస్తే పూర్తిగా చదివి వినిపించండి, వాట్సాప్ ముక్కలతో భయపడనివ్వవద్దు.

పిల్లల రక్షణ

బడిలో గానీ ఇంట్లో గానీ పిల్లమీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, లేదా అనుమానం కలిగినా, పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పెద్దమనుషులతో పంచాయితీ పెట్టడం, ముందు మనమే విచారణ చేద్దామనుకోవడం, తల్లిదండ్రులు వద్దన్నారని ఆగడం, ఇవేవీ చెల్లవు. తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని తెలిసీ చెప్పని సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు, జరిమానా ఉన్నాయి. అయినా శిక్ష భయంతో కాదు, ఆ పిల్ల మనల్ని నమ్మి చెప్పినందుకు చేయాలి. ఆమె చెప్పిన మాటలు ఆమె మాటల్లోనే రాసి, తేదీ, టైం వేయండి. మళ్లీ మళ్లీ చెప్పించవద్దు. పేరు స్టాఫ్‌రూంలో కూడా పలకవద్దు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు అమ్మాయిల మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు, కంటి ఎత్తులో రాయించండి. ఆఫీసు గది బయట బోర్డు మీద రాస్తే అందరూ చూస్తుండగా దాన్ని చదవడానికి ఏ పిల్లా ఆగదు.