చెవితో పక్షుల్ని గుర్తుపట్టడం – 4వ పాఠం: పాట ఎందుకు ఆగుతుంది?

పిలుపుకీ పాటకీ తేడా పోయిన పాఠంలో నేర్చుకున్నాం. పిలుపు చిన్నది, ఏడాది పొడవునా వినిపిస్తుంది. పాట పొడవైంది, ఎక్కువగా మగపిట్ట గూడు కట్టే రోజుల్లో పాడేది. ఈసారి ఆ రోజులు ఎలా మొదలవుతాయో చూద్దాం. ఇది తెలియకపోతే మీరు నోట్‌బుక్‌లో రాసుకున్నదాంట్లో సగం మీకే అర్థం కాదు.

పెద్ద నలంచిని తీసుకోండి. నలుపూ తెలుపూ కలిసిన ఒళ్లు, నిక్కించిన తోక. ఎండాకాలంలో ఇంకా తెల్లవారకముందే ఏ వాటర్ ట్యాంకు అంచు మీదో కూర్చుని గొంతెత్తి పాడుతుంది. నవంబరులోనూ అదే పెరట్లో తిరుగుతుంది, కానీ 'స్వీ' అనో 'చర్ర్' అనో తప్ప మాట్లాడదు. పాట వినపడలేదు కాబట్టి పిట్ట వెళ్లిపోయిందని రాసుకోకండి.

పగటి పొడవును పక్షులు కళ్లతోనే కొలవవు. పుర్రెలోంచి లోపలికి చేరే కాస్త వెలుతురును మెదడు అడుగుభాగంలోని కణాలు పసిగడతాయి. పగలు పెరిగేకొద్దీ మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగం, దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తుంది. దాంతో వృషణాలు పెద్దవై రక్తంలోకి టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ వదులుతాయి. గూడు రోజులు అయిపోయాక అది తగ్గుతుంది, పాటా ఆగుతుంది. హైదరాబాద్‌లో చలికాలం పగటికీ ఎండాకాలం పగటికీ తేడా రెండు గంటలే కాబట్టి, మన దగ్గర వాననూ తిండినీ కూడా లెక్కలోకి తీసుకోవాలి. గిజిగాడు వానలు పడ్డాకే గూడు అల్లడం చూస్తూనే ఉంటాం.

టెస్టోస్టెరాన్ మెదడుకు చేరాక జరిగేదే ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కానరీ, జీబ్రా ఫించ్ అనే చిన్న పాటపిట్టల్లో పాటను నడిపే మెదడు కేంద్రాలు ఆడవాటికంటే మగవాటిలో చాలా పెద్దవని 1976లో శాస్త్రవేత్తలు ఫెర్నాండో నోటెబోమ్, ఆర్థర్ ఆర్నాల్డ్ చూపించారు. అందులో ముఖ్యమైన కేంద్రం పేరు హెచ్‌విసి. మగ కానరీలో అది శరదృతువులో కంటే వసంతంలో దాదాపు రెట్టింపు ఉంటుందని నోటెబోమ్ 1981లో ప్రకటించాడు. ఒకే పిట్ట, ఒకే పుర్రె, మెదడులో మాత్రం అంత మార్పు! పెద్దయిన ఆడ కానరీకి టెస్టోస్టెరాన్ ఇస్తే దాని హెచ్‌విసి కూడా పెరిగి, అదీ మగదానిలా పాడింది. పెద్దయిన పక్షి మెదడులో కొత్త నాడీకణాలు పుడుతున్నాయని 1983లో స్టీవెన్ గోల్డ్‌మన్‌తో కలిసి నోటెబోమ్ చూపించాడు. ఎదిగిన మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవని దాదాపు అందరూ నమ్మిన కాలమది.

అన్ని పిట్టలదీ ఒకే దారి కాదు. మన పెట్ షాపుల పంజరాల్లో కనిపించే జీబ్రా ఫించ్‌నే చూడండి. పెద్దయ్యాక ఆడదానికి టెస్టోస్టెరాన్ ఇచ్చినా పాడదు. గుడ్డులోంచి వచ్చిన కొత్తలోనే ఈస్ట్రోజన్ అనే మరో హార్మోన్ అందితే మగదాని తరహా మెదడు ఏర్పడుతుంది, తర్వాత ఇచ్చే హార్మోన్ అప్పుడే పనిచేస్తుంది.

కోకిలను ఈ లెక్కలోకి తేకండి. కాకి గూట్లో పెరిగినా మగ కోకిల 'కుహూ' అనే అంటుంది. ఆ కూత పుట్టుకతో వచ్చింది. విని నేర్చుకునే పిట్టల్లో ఉండే ఈ పాట కేంద్రాలు దానికి లేవు.

ఇక అభ్యాసం. మీ బాల్కనీ అయినా సరే, కేబీఆర్ పార్కులో ఒక మలుపైనా సరే, ఒకే చోటు ఎంచుకోండి. వారానికొకసారి సూర్యోదయానికి అరగంట ముందు నిలబడి పది నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేయండి. తేదీ, సూర్యోదయ సమయం, ఆ వారం వాన పడిందా లేదా, పాట ఎన్నిసార్లు మొదలైంది, ఇవి రాయండి. పాట లేని రోజు పేజీ ఖాళీగా వదలకుండా 'పిలుపు మాత్రమే' అని రాయండి. పాట ఏ వారం ఆగిందో పట్టిచ్చేది ఆ మాటే.

పిట్టను రప్పించడానికి రికార్డింగును స్పీకర్‌లో మాత్రం వినిపించొద్దు. గూడు కాలంలో మగపిట్ట దాన్ని తన చోటు లాక్కోవడానికి వచ్చిన మరో మగపిట్ట అనుకుంటుంది. కొన్ని జాతుల్లో అలాంటి సవాలుకే టెస్టోస్టెరాన్ ఇంకా పెరుగుతుంది. పిల్లలకు తిండి తేవాల్సిన పిట్ట లేని శత్రువు కోసం వెతుకుతూ ఉండిపోతుంది.