మడత పైకప్పు కదలకపోతే మోటారు మార్చే ముందు ఒక కొలత

స్విచ్ నొక్కినా కారు మడత పైకప్పు కదలకపోతే అనుమానం ముందుగా మోటారు మీదికే పోతుంది గానీ, లోపం తరచుగా తుప్పు పట్టిన ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) కనెక్షన్‌లోనో, కాలిన రిలే (స్విచ్ నొక్కగానే మోటారుకు కరెంటు వదిలే విద్యుత్ స్విచ్) కాంటాక్టులోనో ఉంటుంది.

ఫ్యూజు బాగుందని, బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతోందని నిర్ధారించుకున్నాక, మల్టీమీటరును 20 వోల్టుల డీసీ స్థాయిలో ఉంచి, మోటారు కనెక్టరును ఊడదీయకుండానే దాని రెండు తీగల మధ్య కొలుస్తూ, మరొకరిని స్విచ్ నొక్కి పట్టుకోమనాలి. కనెక్టరు ఊడదీసి కొలిస్తే లోడు (మోటారు లాగే కరెంటు) ఉండదు కనుక, చెడిన తీగ కూడా పూర్తి 12 వోల్టులు చూపి తప్పుదారి పట్టిస్తుంది. అసలు కిటుకు ఇదే. 11 వోల్టులకు పైగా వస్తున్నా మోటారు తిరగకపోతే లోపం మోటారులోనో, దాన్ని కదలనీయకుండా బిగుసుకుపోయిన యంత్రాంగంలోనో ఉన్నట్టు. ఏమీ రాకపోతే తెగిన తీగలు, రిలే, స్విచ్‌ల వైపు వెతకాలి. ఏడెనిమిది వోల్టులే వస్తే, స్విచ్ నొక్కి ఉండగానే ఎరుపు ప్రోబును మోటారు నుంచి ఎర్త్‌కు తిరిగి వెళ్లే తీగకు, నలుపు ప్రోబును బ్యాటరీ నెగటివ్‌కు ఆనించాలి; అర వోల్టుకు మించి కనిపిస్తే ఎర్త్ బోల్టును విప్పి, గీకి, గట్టిగా బిగించి, ఆ తరువాతే రిలేను అనుమానించాలి.

కంప్యూటరు నియంత్రణ గల కార్లలో మాత్రం డిక్కీలోని అడ్డుతెర (మడిచిన పైకప్పుకు చోటు వదిలే తెర) సరిగా అమరకపోయినా, లాచ్ (గొళ్లెం) సెన్సరు పనిచేయకపోయినా మోటారుకు విద్యుత్తే వెళ్లదు కాబట్టి, అక్కడ సున్నా కనిపించగానే రిలేను నిందించకుండా ముందుగా స్కానరుతో కారు కంప్యూటరు నమోదు చేసిన ఫాల్ట్ కోడ్‌లు చదవాలి.