నిరాశ ఆలోచనల నుంచి విశ్వాసంతో బయటపడటం ఎలా?

కావలసినవి బైబిలు, నోటుబుక్కు, పెన్ను, ఒక పావుగంట. ఫోన్ పక్కగదిలో పెట్టండి. ఫోన్‌లో బైబిలు చదివితే చాలదా అంటారు. చాలదు, మధ్యలో మెసేజ్ వస్తుంది. పొద్దున్నే కూర్చోవాలి. రాత్రి అలసటలో ప్రతి సమస్యా కొండంత కనిపిస్తుంది.

ముందు తిండీ నిద్రా చూసుకోండి. 1 రాజులు 19లో ప్రవక్త ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవదూత ఆయనకు బోధ చేయలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. చావాలనే ఆలోచనలు వస్తుంటే ఈ పద్ధతి పక్కన పెట్టి, వెంటనే దగ్గరివాళ్లకు చెప్పి డాక్టర్‌ను కలవండి. అది అవిశ్వాసం కాదు.

మొదటి మెట్టు: మనసులో తిరుగుతున్నదంతా దేవునికి ఫిర్యాదుగా రాయండి. భాష బాగుండక్కర్లేదు.

రెండో మెట్టు: బైబిల్లో దావీదు రాసిన 13వ కీర్తన పైకి చదవండి. ఆరే వచనాలు.

మూడో మెట్టు ఆ కీర్తన ఐదో వచనంలో ఉంది. అందరూ పాడుచేసేది దీన్నే. అంతవరకూ "ఇంకా ఎన్నాళ్లు?" అని అడిగిన దావీదు అక్కడ దేవుని కృపను నమ్ముకున్నానంటాడు. నాలుగో వచనానికీ ఐదో వచనానికీ మధ్య శత్రువులు పోయారని ఎక్కడా లేదు. సమస్య అలాగే ఉంది, మనిషి మాత్రం తిరిగాడు. మీరూ ఫిర్యాదు కింద "అయితే" అని రాసి, ఒక్క వాక్యం పూర్తి చేయాలి.

"ఉద్యోగం పోయింది, అయితే రేపే ఇంకోటి వస్తుంది" అని రాయకండి. అది విశ్వాసం కాదు, జోస్యం. రాకపోతే రెండింతలు కుంగిపోతారు. "అయితే పోయినసారి ఇలాంటప్పుడు దేవుడు నన్ను వదల్లేదు" అనేది సరైన వాక్యం. జరిగినదాన్నే రాయాలి, జరగాలనుకునేదాన్ని కాదు.

వాగ్దాన వాక్యం ఒకటి పట్టుకుని ఫిర్యాదు రాయకుండానే ఇక్కడికి దూకేవాళ్లున్నారు. అది పుండు కడగకుండా కట్టు కట్టడమే. పైగా వాళ్లు ఎక్కువగా ఎత్తుకునే యిర్మీయా 29:11, అంటే మీకు మంచి భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పే వచనం, బబులోనుకు బందీలుగా పోయినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే తిరిగి రావడానికి 70 ఏళ్లు అని ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని కూడా ఆ ఉత్తరమే చెప్పింది. ఆ వాగ్దానాన్ని వచ్చేవారానికి కుదించే హక్కు మనకు లేదు.

"అయితే" తర్వాత ఏమీ తోచకపోతే బలవంతంగా రాయకండి. 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, అయినా అది ప్రార్థనే. ఖాళీ వదిలి మర్నాడు మళ్లీ కూర్చోండి.

నాలుగో మెట్టు: పౌలు బంధకాల్లో ఉండి రాసిన ఫిలిప్పీయులు 4:8లో, ధ్యానించమన్నవాటిలో మొదటిది సత్యమైనది. రాసినదాన్ని దానితో సరిచూడండి. "అందరూ నన్ను దూరం పెట్టారు" అని రాశారా? జరిగింది ఒకరు ఫోన్ ఎత్తకపోవడమే అయితే అది కొట్టేసి, జరిగినంతే రాయండి.

చివరగా ఆ పేజీని మీ చర్చి సంఘంలో ఒక్కరికి చదివి వినిపించండి. వినకముందే సలహా మొదలుపెట్టే మనిషిని మాత్రం ఎంచుకోకండి, పాస్టర్ అయినా సరే.